మెట్ల మీద జరగని మారణకాండ: పొటెమ్కిన్ తిరుగుబాటు, దాని చుట్టూ అల్లుకున్న మూకీలు

నల్లసముద్రం ఒడ్డున, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న ఒడెస్సా నగరంలో ఎత్తైన తీరపు గట్టు మీది నుంచి రేవు దాకా 192 రాతి మెట్లు దిగుతాయి. 1837లో మొదలుపెట్టి 1841లో పూర్తిచేసిన ఈ మెట్లకు 1955లో పొటెమ్కిన్ పేరు పెట్టారు. పొటెమ్కిన్ రష్యా సామ్రాజ్యపు యుద్ధనౌక. అందులోని నావికులు 1905లో తిరగబడి ఒడెస్సా రేవుకు వచ్చారు. ఆ రోజుల్లోనే నగరంలో సైన్యం జనాన్ని కాల్చి చంపింది. ఇంతవరకు చరిత్రే. అయితే మెట్లకు ఆ పేరు తెచ్చిపెట్టింది 1925లో సెర్గెయి ఐసెన్‌స్టీన్ తీసిన ‘యుద్ధనౌక పొటెమ్కిన్’ అనే మూకీ చిత్రం. తుపాకులు ఎక్కుపెట్టి వరుసగా దిగివచ్చే సైనికులు, గాయపడ్డ బిడ్డను చేతుల మీద ఎత్తుకొని వాళ్లకు ఎదురుగా మెట్లెక్కే తల్లి, పసిబిడ్డతో సహా మెట్ల మీద దొర్లిపోయే బండి, ఇవన్నీ సినిమా పాఠాలు చెప్పే ప్రతిచోటా చూపించే దృశ్యాలు. ఆ మెట్ల మీద, పట్టపగలు, తెర మీద కనిపించే రీతిలో మారణకాండ జరిగినట్లు ఆధారాలు లేవు.

ఈ సంగతి ఇప్పుడు కొత్తది కాదు. సినిమా గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని చెప్పి, ‘కళాకారుడి స్వేచ్ఛ’ అన్న మాటతో చర్చ ముగిస్తారు. కాని తిరుగుబాట్ల మీద వచ్చిన తొలినాటి మూకీలను చరిత్ర పక్కన పెట్టి చూస్తే, దర్శకుడు చేర్చినదాని కంటే వదిలేసినదే ఎక్కువ చెబుతుంది. కల్పించిన దృశ్యం ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి కంట పడుతుంది. తెర మీదకు రానే రాని సంగతిని మాత్రం ప్రేక్షకుడు తనంతట తాను వెతుక్కుంటూ పోడు. పొటెమ్కిన్ విషయంలో ఈ రెండూ ఎలా జరిగాయో తెలియాలంటే ముందు అసలు సంఘటన దగ్గర మొదలుపెట్టాలి.

1905 రష్యా సామ్రాజ్యానికి కలిసిరాని సంవత్సరం. జనవరిలో పీటర్స్‌బర్గ్‌లో జార్‌కు, అంటే రష్యా చక్రవర్తికి, విన్నపం ఇవ్వబోయిన కార్మికుల మీద కాల్పులు జరిగాయి. మే నెలాఖరులో సుషిమా వద్ద రష్యా నౌకాదళాన్ని జపాన్ తుడిచిపెట్టింది. నల్లసముద్ర దళంలోని నావికులలో రహస్యంగా పనిచేస్తున్న విప్లవ బృందం ఆ ఏడాదే దళమంతటా ఒకేసారి తిరుగుబాటు లేవదీయాలని పథకం వేసుకుంది. పొటెమ్కిన్ ఆ దళంలో అన్నిటికంటే కొత్తది, బలమైనది. పథకం ప్రకారం చూస్తే అందులో తిరుగుబాటు అనుకున్న సమయం కంటే ముందే పేలింది. జూన్ 27న, అంటే అప్పటి రష్యా పాత పంచాంగం ప్రకారం జూన్ 14న, టెండ్రా తీరం వద్ద లంగరు వేసిన ఓడలోకి ఒడెస్సా నుంచి తెచ్చిన మాంసంలో పురుగులు కనిపించాయి. కడిగితే తినవచ్చునని ఓడ వైద్యుడు స్మిర్నోవ్ తేల్చాడు. నావికులు ఆ మాంసంతో వండిన చారు ముట్టలేదు. కెప్టెన్ గొలికోవ్ అందరినీ డెక్ మీదికి పిలిపించి, తినడానికి ఒప్పుకునేవాళ్లు ముందుకు రావాలన్నాడు. ఆ తర్వాత సాయుధులను పిలవడం, ద్వితీయాధికారి గిలియరోవ్‌స్కీ, మనుషులను కాల్చేటప్పుడు డెక్ మీద నెత్తురు పడకుండా పరిచే టార్పాలిన్ గుడ్డ తెమ్మనడం, ఎవరో తుపాకులు అందుకోండని అరవడం, ఇవన్నీ కొద్ది నిమిషాలలో జరిగిపోయాయి. గిలియరోవ్‌స్కీ తూటాకు గ్రిగోరి వకులెన్‌చుక్ అనే నావికుడు పడిపోయాడు. మొత్తం 18 మంది అధికారులలో కెప్టెన్, గిలియరోవ్‌స్కీ, వైద్యుడు సహా ఏడుగురిని నావికులు చంపారు. నాయకత్వం అఫనాసి మత్యుషెంకో చేతికి వచ్చింది.

ఆ సాయంత్రానికే ఓడ ఒడెస్సా చేరింది. అక్కడ అప్పటికే సార్వత్రిక సమ్మె నడుస్తున్నది, పోలీసులకూ కార్మికులకూ ఘర్షణలు జరుగుతున్నాయి. మరునాడు తెల్లవారుజామున వకులెన్‌చుక్ శవాన్ని రేవులో ఉంచారు, జనం వేలల్లో వచ్చారు. పగలంతా శోకం, ఆవేశం, ఉపన్యాసాలు. చీకటి పడేసరికి పరిస్థితి చేయి దాటింది. రేవులోని గిడ్డంగులను దోచుకున్నారు, సారా పీపాలు పగిలాయి, మంటలు లేచాయి. సైన్యం రేవును చుట్టుముట్టి, బయటికి రాబోయినవాళ్లను కాల్చింది. ఆ రాత్రి తూటాలకు, మంటలకు బలైనవాళ్లు వెయ్యికి పైనే ఉంటారని అంచనా వేసిన చరిత్రకారులు ఉన్నారు. అంటే చనిపోయినవాళ్ల సంఖ్యను సినిమా పెంచి చూపిందనడం కుదరదు. నిజంగా జరిగిన మారణకాండ మెట్ల మీది దాని కంటే పెద్దది, ఇంకా గందరగోళమైనది, రాత్రి చీకటిలో జరిగినది, దోపిడీదారులూ అమాయకులూ కలిసిపోయి చచ్చినది.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెప్పవచ్చు. 29న పొటెమ్కిన్ నగరం మీద, సైనికాధికారులు సమావేశమైన నాటకశాల లక్ష్యంగా, ఫిరంగులు పేల్చింది. అసలు గుళ్లు రెండూ గురితప్పాయి. 30న దాన్ని పట్టుకోవడానికి వచ్చిన దళం ఎదురుపడినప్పుడు ఆ ఓడల్లోని నావికులు కాల్పులకు నిరాకరించారు, ‘గెయోర్గి పొబెదొనోసెత్స్’ అనే యుద్ధనౌక తిరుగుబాటుదారులతో కలిసింది కూడా. కాని ఆ కలయిక ఒక్కరోజు నిలవలేదు. అందులోని విధేయ నావికులు ఓడను ఒడెస్సా రేవులో ఇసుకమేటకెక్కించి లొంగిపోయారు. బొగ్గూ మంచినీళ్లూ లేక పొటెమ్కిన్ రుమేనియాలోని కొన్‌స్తాంత్సాకు, అక్కడ సరఫరా దొరకక క్రిమియాలోని ఫియొదోసియాకు, అక్కడ తుపాకులే స్వాగతం పలికితే మళ్లీ కొన్‌స్తాంత్సాకు తిరిగింది. జులై 8న నావికులు రుమేనియా ప్రభుత్వానికి లొంగి ఆశ్రయం పొందారు. జార్ ప్రభుత్వం ఓడను తిరిగి తెచ్చుకొని ‘పంతెలెయ్‌మోన్’ అని పేరు మార్చింది. 1907లో రహస్యంగా స్వదేశానికి వచ్చిన మత్యుషెంకోను పట్టుకొని ఉరితీశారు.

ఇంత కథ నడిచిన అదే సంవత్సరంలో, పారిస్‌లోని పాథే సంస్థ దీన్ని తెరకెక్కించింది. ల్యూసియన్ నాంగే దర్శకత్వంలో వచ్చిన ‘రష్యాలో విప్లవం’ కొద్ది నిమిషాల నిడివి గల మూకీ. వార్తను నటులతో, సెట్లతో మళ్లీ ఆడించి చూపడం అప్పటికి బాగా స్థిరపడిన వ్యాపారం. 1899లో జార్జ్ మెలియే, ఫ్రాన్స్‌లో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారికి దేశద్రోహం కింద అన్యాయంగా శిక్ష పడిన వ్యవహారాన్ని ఇలాగే వరుస చిత్రాలుగా తీశాడు. 1900లో చైనాలో విదేశీయుల మీద బాక్సర్లు అనే వర్గం తిరుగుబాటు నడుస్తుండగా జేమ్స్ విలియమ్సన్ ఇంగ్లండ్‌లోని హోవ్ పట్టణంలో ఒక ఖాళీ ఇంటి తోటలో ‘చైనా మిషన్ మీద దాడి’ చిత్రీకరించాడు. చైనా చూడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ప్రేక్షకులను మోసగించారని ఇప్పుడు అనిపించవచ్చు గాని, పత్రికలో వచ్చే చేతిగీత బొమ్మను ఎలా చూసేవారో వీటినీ అలాగే చూసిన ప్రేక్షకులు చాలామంది ఉండి ఉంటారు. ఈ చిత్రాలకు రాజకీయం లేదనుకోవడం మాత్రం పొరపాటు. విలియమ్సన్ కథ బ్రిటిష్ నావికులు వచ్చి మిషనరీ కుటుంబాన్ని కాపాడే కథ. తిరగబడినవాళ్లు ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్న అందులో తలెత్తదు.

1857 మీద పాశ్చాత్యులు తీసిన మూకీలలో ఈ లక్షణం ఇంకా స్పష్టం. అమెరికాలోని ఎడిసన్ సంస్థ 1912లో ‘లక్నో విముక్తి’ చిత్రాన్ని బెర్ముడా దీవిలో, అక్కడి బ్రిటిష్ సైనికుల సాయంతో తీసింది. 1915లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ ‘క్యాంప్‌బెల్‌లు వస్తున్నారు’ తీశాడు. ఆ పేరు వెనుక ఉన్నది లక్నో ముట్టడిలో చిక్కుకున్న జెస్సీ అనే స్కాట్లండ్ యువతి, రాబోయే సహాయ సేన బ్యాగ్‌పైప్ ధ్వనిని అందరికంటే ముందు విన్నదనే కథ. ఈ జెస్సీ కథకు చారిత్రకాధారం లేదని పరిశోధకులు ఏనాడో చెప్పారు. ఒక ధ్వని చుట్టూ తిరిగే కథను మూకీగా తీయడంలోని చమత్కారాన్ని అలా ఉంచితే, ఈ చిత్రాలలో 1857 అంటే ముట్టడి, నిరీక్షణ, విముక్తి. సిపాయిల ఫిర్యాదులు, వారి రాజకీయం, లక్నో తిరిగి చేజిక్కాక ఆంగ్ల సేనలు తీర్చుకున్న ప్రతీకారం ఆ చట్రంలో ఇమడవు.

ఐసెన్‌స్టీన్ చేసిన మార్పు కెమెరాను ఈ చట్రంలోంచి తీసి అవతలి వైపు నిలబెట్టడం. అది యాదృచ్ఛికంగా జరగలేదు. 1905 విప్లవానికి ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా సోవియట్ ప్రభుత్వ సంఘం ఆ పని అప్పగించింది. నినా అగజానవా రాసిన స్క్రిప్టు పేరు ‘1905వ సంవత్సరం’. యుద్ధంతో మొదలై మాస్కో సాయుధ పోరాటం దాకా సాగే ఆ స్క్రిప్టులో పొటెమ్కిన్ వృత్తాంతం కొద్ది భాగమే. లెనిన్‌గ్రాడ్‌లో వాతావరణం పాడై షూటింగ్ సాగకపోవడంతో బృందం ఎండ కోసం ఒడెస్సాకు వెళ్లింది. డిసెంబరులోగా పూర్తి కావాలి. అక్కడ ఆ మెట్లు చూశాక, ఆ చిన్న భాగమే మొత్తం సినిమా అయింది. మెట్ల మీద కాల్పుల దృశ్యం ముందుగా రాసుకున్న ఏ స్క్రిప్టులోనూ లేదని ఐసెన్‌స్టీన్ తర్వాత స్వయంగా రాశాడు. రేవులో శోకదృశ్యానికి ముందు వచ్చే మంచు తెరల అందమైన షాట్లు కూడా అనుకోకుండా దొరికినవే. షూటింగ్ లేని పొగమంచు రోజున కెమెరామన్ ఎడ్వర్డ్ టిస్సే, ఐసెన్‌స్టీన్ అద్దె పడవలో వెళ్లి తీసుకున్నారు.

ఓడ మాత్రం దొరకలేదు. అసలు పొటెమ్కిన్‌ను అప్పటికి తుక్కు కింద విడగొట్టేశారు. సెవస్తొపోల్‌లో మందుపాతరల గిడ్డంగిగా పడివున్న ‘పన్నెండుగురు అపొస్తలులు’ అనే పాత యుద్ధనౌక మీద పైభాగాలను చెక్కతో కట్టి పొటెమ్కిన్‌గా మార్చారు. కింద మందుపాతరలు, పైన తిరుగుబాటు నటన. ఈ ఓడ 1905 జూన్‌లో పొటెమ్కిన్‌ను పట్టుకోవడానికి వచ్చిన దళంలో ఒకటి. వెంటాడిన ఓడే ఇరవయ్యేళ్ల తర్వాత తిరుగుబాటు ఓడ వేషం వేసుకున్నదన్నమాట. ఈ సంగతి సినిమాలో ఎక్కడా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు గాని, తలుచుకుంటే నవ్వొస్తుంది.

సినిమాలోని కల్పనలన్నీ ఒకే రకానివి కావు. మొదటిది టార్పాలిన్. సినిమాలో మరణశిక్ష పడిన నావికుల మీద పెద్ద టార్పాలిన్ కప్పి, కళ్లకు గంతలు కట్టినట్లు చేసి, కాల్చడానికి సిద్ధపడతారు. డెక్ మీద టార్పాలిన్ పరిచేది నెత్తురు మరకలు పడకుండా, మనుషుల మీద కప్పడానికి కాదని నౌకాదళం తెలిసిన సలహాదారు అభ్యంతరం చెప్పినా తాను వినలేదని ఐసెన్‌స్టీన్ రాశాడు. ఆ టార్పాలిన్ కింద నిలబడినవాళ్లలో తానూ ఒకణ్ణని, కాబట్టి సినిమా రాబడిలో వాటా కావాలని ఒకతను దావా వేశాడని, టార్పాలిన్ కింద ఎవరూ నిలబడలేదు కనుక ఆ దావా నిలవలేదని కూడా అతనే చెప్పుకున్నాడు. నిజానికి సినిమా వచ్చిన తర్వాత జ్ఞాపకాలు ఎలా మారతాయో ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. రెండవది మెట్లు: రేవంతా, రాత్రంతా చెల్లాచెదురుగా జరిగిన చావులను ఒకే చోటికి, ఒకే పగటి వేళకు కుదించడం. ఇక్కడ స్థలం కుదించారు గాని కాలాన్ని సాగదీశారు. సైనికులు ఎంత దిగినా మెట్లు తరగవు. ఒక చర్యను వేర్వేరు కోణాల నుంచి తీసి, ముక్కలను ఒకదాని మీద ఒకటి కొంత పడేలా అతికించడం వల్ల నిజంగా దిగడానికి పట్టే సమయం కంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు ఆ దిగుడు తెర మీద సాగుతుంది. ఇది సినిమా నేర్చుకున్న కొత్త విద్య, దీని వల్లనే అది నిలిచింది.

మూడవది వేరే జాతి. మెట్ల మీది కాల్పులకు జవాబుగా సినిమాలో పొటెమ్కిన్ ఫిరంగులు సేనాధిపతుల నెలవైన నాటకశాలను గురిచూసి దెబ్బతీస్తాయి. వెంటనే పడుకున్న రాతి సింహం తలెత్తి లేచి నిలుస్తుంది. ఆ సింహాలు ఒడెస్సావి కావు, క్రిమియాలోని అలూప్కాలో వొరొన్‌త్సోవ్ భవనం మెట్ల మీద నిద్రిస్తున్నది, మేలుకుంటున్నది, లేచినది అనే మూడు వేర్వేరు విగ్రహాలు. మూడింటిని వరుసగా అతికిస్తే రాయి కదిలింది. కాని చరిత్రలో ఆ గుళ్లు తగలలేదు. మెట్ల దృశ్యంలో కల్పన ఒక నిజమైన మారణకాండకు రూపమిచ్చింది. ఫిరంగుల దృశ్యంలో కల్పన ఒక వైఫల్యాన్ని విజయంగా మార్చింది. ఈ తేడాను పట్టించుకోకుండా రెండింటినీ కళాస్వేచ్ఛ ఖాతాలో వేస్తే విశ్లేషణ మొదలుకాకముందే ముగిసినట్లు.

వదిలేసిన సంగతులు ఈ మూడవ వైపునే బలపరుస్తాయి. సినిమా దళం ఎదురుపడిన ఘట్టంతో ముగుస్తుంది: ఉత్కంఠ, ఫిరంగులు గురిపెట్టడం, ఆఖరి క్షణాన ఎదుటి ఓడల నుంచి ‘సోదరులారా’ అన్న కేక, ఎర్రజెండా ఎగురుతుండగా పొటెమ్కిన్ వాళ్ల మధ్య నుంచి సాగిపోవడం. ఈ ఘట్టం చాలావరకు నిజమే. కథను జూన్ 30న ఆపడమే ఇక్కడ జరిగిన రాజకీయం. ఇంకొక్కరోజు ముందుకు వెళితే పొబెదొనోసెత్స్ ద్రోహం, ఇంకో వారం వెళితే నీళ్లు లేని ఓడ, లొంగుబాటు. రేవులో దోపిడీ, సారా పీపాలు, మంటలు కూడా తెర మీదికి రాలేదు. సినిమాలో ఒడెస్సా జనం ఒకే గొంతుతో కదిలే సమూహం. యూదులను కొట్టండని అరిచే ఒకణ్ణి శోకసభలోని జనమే చుట్టుముట్టి బాదే చిన్న దృశ్యం ఉంది. అదే ఏడాది అక్టోబరులో అదే నగరంలో యూదుల మీద జరిగిన భయంకరమైన దాడిలో వందలమంది చనిపోయారని గుర్తుంటే, ఆ చిన్న దృశ్యం ఎంత ఆశతో తీసినదో తెలుస్తుంది. ఓడలోని 700 మందికి పైగా నావికులలో అధికులు విప్లవకారులు కాకపోవడం, చివరి రోజుల్లో లొంగిపోదామన్నవాళ్ల మాట నెగ్గడం కూడా సినిమాకు అక్కరలేని సంగతులు.

దీన్ని అబద్ధమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఓడిపోయిన తిరుగుబాటును 1917 విప్లవం గెలిచిన తర్వాత తీసేవాడు దాన్ని రాబోయే గెలుపుకు ముందుమాటగానే తీస్తాడు. 1912లో బెర్ముడాలో లక్నో తీసినవాళ్లు కూడా సామ్రాజ్యం నిలిచిన చోటనే కథ ఆపారు. ఏ తిరుగుబాటు సినిమానైనా అంచనా కట్టేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, కథ ఏ తేదీన ఆగింది, ఆ మరునాడు ఏమైంది అన్నది.

సినిమా బయటికి వెళ్లాక దాని మీద ఇతరుల కత్తెర పడింది. 1925 డిసెంబరులో మాస్కోలోని బొల్షోయ్ నాటకశాలలో తొలి ప్రదర్శన నాటికి ఓడ మీది జెండాను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో ఎర్రరంగు వేశారు. నలుపు తెలుపు ఫిల్ము మీద ఎరుపు నల్లగా పడుతుంది గనుక చిత్రీకరణలో వాడినది తెల్లజెండా. 1926లో ఒరిజినల్ నెగెటివ్ జర్మనీకి వెళ్లింది. అక్కడ మొదట నిషేధం, తర్వాత కోతలతో అనుమతి. ఏప్రిల్ 29న బెర్లిన్ ప్రదర్శనకు ఎడ్మండ్ మైజెల్ కట్టిన సంగీతం బలానికి భయపడినవాళ్లూ ఉన్నారు. సైనికులు ఈ సినిమా చూడరాదని జర్మన్ సైన్యం ఆజ్ఞ ఇచ్చింది. బ్రిటన్ సెన్సారు బోర్డు 1926లో నిరాకరించి 1954లో గాని పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో అనుమతించలేదు. మధ్యలో 1929లో లండన్ ఫిల్మ్ సొసైటీ తన సభ్యులకు మాత్రం చూపింది. సోవియట్ యూనియన్‌లోనూ మార్పు తప్పలేదు. సినిమా విప్లవ నాయకులలో ఒకడైన ట్రాట్‌స్కీ వాక్యాలతో మొదలయ్యేది. అతడు పార్టీలో పడిపోయిన తర్వాత వాటిని తీసి లెనిన్ వాక్యాలు పెట్టారు.

సెన్సారు మాట వచ్చింది గనుక మద్రాసు ప్రెసిడెన్సీ సంగతి కూడా చెప్పాలి, అప్పటి తెలుగు జిల్లాలలో చాలాభాగం అందులోవే గనుక. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1920లో మద్రాసులో సెన్సారు బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాది వచ్చిన ‘భక్త విదుర్’ అనే పౌరాణిక మూకీలో విదురుడు ఖద్దరు టోపీతో గాంధీని తలపించినందుకు మద్రాసులో దాన్ని నిషేధించారు. టోపీకే ఇంత భయపడిన ప్రభుత్వం కింద, 1922 నుంచి 1924 దాకా మన్యంలో సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటం మూకీ తెరకు ఎక్కడం అసాధ్యం. అది పూర్తిస్థాయి సినిమాగా రావడానికి 1974 దాకా ఆగవలసి వచ్చింది. 1930లో శాంతారాం శివాజీ మీద తీసిన మూకీకి మొదట పెట్టిన పేరులో ‘స్వరాజ్య’ అన్న మాట ఉన్నందుకు ‘ఉదయకాల్’ అని పేరు మార్చాల్సివచ్చింది. కాబట్టి తొలినాటి తిరుగుబాటు మూకీల జాబితాలో భారతీయులు తీసిన 1857 కనిపించకపోవడాన్ని మన సినిమావాళ్ల ఉదాసీనతగా తీసుకోనక్కరలేదు.

పొటెమ్కిన్‌ను ఇప్పుడు చూడదలచినవాళ్లకు ఒక ఆచరణాత్మక సూచన. ఇంటర్నెట్‌లో తిరిగే ప్రతులు అనేకం: 1950లో క్ర్యూకొవ్ సంగీతంతో వచ్చినది, 1976లో షొస్తకోవిచ్ సింఫనీల ముక్కలు జతచేసినది, ఎవరెవరో తమ ఇష్టమైన సంగీతం పెట్టుకున్నవి. ఎన్నో పాత ప్రింట్లను పోల్చి, కోతకు గురైన షాట్లను వెనక్కి తెచ్చి, మైజెల్ సంగీతంతో ఎనో పటాలాస్ నేతృత్వంలో చేసిన పునరుద్ధరణ 2005 బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. మీ దగ్గరున్న ప్రతి ఏదో తెలుసుకోవాలంటే మొదటి టైటిల్ కార్డు చూడండి. కింద ట్రాట్‌స్కీ పేరుంటే 1925 నాటి రూపానికి దగ్గరగా ఉన్నట్లు, లెనిన్ పేరుంటే తర్వాతి రోజుల్లో మార్చిన ప్రతి నుంచి వచ్చినట్లు.